డిజిటల్ పెన్ను పిల్లల చేతికా, టీచరు చేతికా?

ఏడో తరగతి చదివే మీ అబ్బాయి బడిలో వచ్చే ఏడాది నుంచి నోటు పుస్తకాల బదులు డిజిటల్ పెన్నుతో రాసే ట్యాబులు పెడతారట, మంచిదేనా అని అడిగారు. నేను ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. మా దగ్గర ఆ ముచ్చట ఇప్పటికే తీరింది. నా అభిప్రాయం ఒక్కటే: అది టీచరు చేతిలో ఉండాల్సిన వస్తువు, పిల్లల చేతిలో కాదు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబులతో దీన్ని కలపకండి. అవి ప్రధానంగా పాఠాలు చూడటానికి, వినడానికి ఇచ్చినవి. మీరు అడిగేది తెర మీదే బొమ్మ గీయించే, నోట్సు రాయించే వ్యవహారం.

ప్రసరణ వ్యవస్థ పాఠంలో గుండె అంతర్నిర్మాణం బొమ్మ ఉంటుంది. అందులో ఒక మెలిక ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషి గుండెను మనం చూస్తున్నట్టు గీస్తాం కనుక కుడి కర్ణిక (పై గది), కుడి జఠరిక (కింది గది) కాగితం మీద మన ఎడమచేతి వైపు వస్తాయి. ఏటా కొందరు ఇక్కడ బోల్తా పడతారు. నోటు పుస్తకంలో అయితే తప్పు రాసి, కొట్టేసి, పక్కన మళ్ళీ రాస్తారు. ఆ కొట్టివేతలే నాకు కావాలి. ఎవరికి ఎక్కడ అనుమానం వచ్చిందో వాటిని చూస్తేనే తెలుస్తుంది.

మా బడిలో ట్యాబులు వచ్చిన ఏడాది ఈ బొమ్మను ట్యాబులో గీసి పంపమన్నాం. తరగతిలో బొమ్మలు బాగా వేసే అమ్మాయి చక్కగా గీసింది. తీరా పేర్లు పెట్టే సమయానికి, కుడి అన్నది కుడివైపే కదా ఉండాలి అనుకుంది. ట్యాబులో బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేసే సదుపాయం ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి, గుండెను తిప్పి, పేర్లు పెట్టి, స్నేహితురాలికి పంపింది. సాయంత్రానికల్లా ఆ గుండె తరగతంతా తిరిగింది. రాత్రి కూర్చుని దిద్దబోతే ఒకదాని తర్వాత ఒకటి అదే బొమ్మ. మహాధమని వంపు అటు, గుండె కొన ఇటు. అలాంటి గుండె నిజంగానే కొందరికి పుట్టుకతో ఉంటుంది, డెక్స్‌ట్రోకార్డియా అంటారు, చాలా అరుదు. మా తరగతిలో మాత్రం ఒక్క పూటలో అందరికీ వచ్చేసింది.

మర్నాడు అడిగితే అందరూ తలలు వంచుకున్నారు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, మన పుస్తకంలో డాక్టరు చూసినట్టు ఉంది. రోగి తన గుండెను తనే చూసుకుంటే ఇలాగే ఉంటుంది కదా" అన్నాడు. వాడన్నది నిజమే, వెనక నుంచి చూస్తే కుడి కుడివైపే ఉంటుంది. ఆ ఒక్క మాటకు వాడికి మార్కు వేశాను. ఆ అమ్మాయికి వచ్చిన సందేహం ఆ పాఠం మొత్తానికి అసలైన ప్రశ్న. కాగితం మీద గీస్తూ ఉంటే తప్పకుండా చెయ్యెత్తి అడిగేది. తిప్పే మీట ఉంది కాబట్టి అడగాల్సిన అవసరమే రాలేదు.

చేత్తో రాస్తేనే గుర్తుంటుందని వాదించేవారు 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనాన్ని తెచ్చి చూపిస్తారు. అందులో పోల్చింది లాప్‌టాప్‌లో కొట్టిన నోట్సును, కాగితం మీద రాసిన నోట్సును. డిజిటల్ పెన్నుతో రాసేదీ చేతిరాతే కదా! కాబట్టి ఆ వాదన ఇక్కడ నిలవదు. నా గొడవ జ్ఞాపకశక్తి గురించి కాదు, జాడ లేకుండా చెరిగిపోవడం గురించి. రబ్బరుతో చెరిపినా కాగితం మీద మరక మిగులుతుంది.

గాజు మీద పెన్ను జారడం ఇంకో తలనొప్పి. ఇంగ్లీషు వరకు ఎలాగో నెట్టుకొస్తారు. 'అగ్రద్వయ కవాటం' అని రాయమనండి, వత్తులు కింది వరుసలోకి దిగిపోతాయి. అరచెయ్యి ఆనితే గీతలు పడే చవక రకమైతే చెయ్యి గాల్లో పెట్టి రాయాలి.

సంచి బరువు తగ్గుతుందని మా యాజమాన్యం చెప్పింది. పిల్లల బరువులో సంచి పది శాతం మించకూడదని 2020లో కేంద్రం విధానం తెచ్చిన మాట నిజమే. కానీ పబ్లిక్ పరీక్ష కాగితం మీదే రాయాలి కనుక నోటు పుస్తకాలు పోలేదు. వాటి మీద ట్యాబు, దాని మీద ఛార్జరు చేరాయి.

ఇక టీచరు సంగతి. 2020 లాక్‌డౌన్‌లో నేను తెరలేని పెన్ ప్యాడ్ ఒకటి కొన్నాను. చెయ్యి బల్ల మీద, చూపు కంప్యూటర్ మీద ఉండాలి. మొదట్లో నా అక్షరాలు ఒకటో తరగతి పిల్లల రాతలా వచ్చేవి, తర్వాత అలవాటైంది. ఇప్పుడు పిల్లలకు వీపు చూపకుండా గీస్తాను. మంచి (ఆక్సిజన్ ఎక్కువున్న) రక్తానికి ఎరుపు రంగు, చెడు (ఆక్సిజన్ తగ్గిన) రక్తానికి నీలం రంగు. తెర మీద ఒకదానిపై ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి పొరలు ఉంటాయి; గుండె పైభాగం ఒకదాని మీద, లోపలి గదులు ఇంకోదాని మీద గీసి, పైది తీసేస్తే కవాటాలు కనిపిస్తాయి. ఆ రోజు రాని పిల్లలకు అదే పేజీ పంపిస్తాను. నల్లబల్ల మీద నేను చెమటోడ్చి గీసిన గుండెను లెక్కల సారు వచ్చీ రాగానే తుడిచేసేవారు. ఆ బాధ కూడా తప్పింది.

మీరు బడికి వెళ్ళి చదువు ఎలా మెరుగవుతుందని అడగకండి, దానికి వాళ్ళ దగ్గర రంగుల కరపత్రం ఉంటుంది. గదికి ప్లగ్గులు ఎన్ని, పెన్ను పోతే డబ్బు ఎవరు కట్టాలి, పరీక్షలు దేని మీద రాయిస్తారు, టీచర్లకు ముందుగా ఎన్నాళ్ళు శిక్షణ ఇస్తారు అని అడగండి. నాలుగింటికీ జవాబు రాకపోతే నోటు పుస్తకాలు మామూలుగానే కొనేయండి.