గేటు దాటితే పిలుపు వినని కుక్క: మా కర్రోడికి ఈల నేర్పిన తీరు

మహబూబ్‌నగర్ నుంచి మీరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: తొమ్మిది నెలల మీ కుక్క ఇంట్లో పిలిస్తే పరుగున వస్తుంది, గేటు తెరిస్తే మాత్రం వీధి చివరిదాకా పోతుంది, ఎంత అరిచినా ఒకసారి వెనక్కి చూసి మళ్లీ తన దారిన తాను పోతుంది. కట్టె పట్టుకుంటే గాని దారికి రాదని కొందరు, మెడకు కరెంటు షాక్ ఇచ్చే పట్టీ తెప్పించుకోమని ఒకరు మీకు సలహా ఇచ్చారు. ఆ రెండూ వద్దని ముందే చెప్పి, నా అనుభవంలో తెలిసింది రాస్తాను.

మేము నల్లగొండలో పానగల్లు వైపు ఉంటాం. ఇంటి వెనుకే చిన్న బత్తాయి తోట ఉంది. మా కర్రోడు పేరున్న జాతివాడేమీ కాదు; ఒక వానకాలం తోటలోని మోటరు గదిలో దొరికిన నల్లటి ఊరకుక్క పిల్ల. ఏడాది నిండేసరికి మేకల మంద కనిపిస్తే చాలు, నా గొంతు వాడి చెవికి ఎక్కేది కాదు. ఒకనాటి సాయంత్రం వాడు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు ఎక్కి, ధాన్యం లారీ ముందు నుంచి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చాక వాణ్ణి దగ్గరికి పిలిచి రెండు దెబ్బలు వేశాను. నేను కొట్టింది రోడ్డెక్కినందుకు. వాడికి దెబ్బలు పడింది మాత్రం పిలవగానే వచ్చినందుకు. ఈ తేడా నాకు వారం తరువాత గాని తట్టలేదు. అప్పటికే వాడు నేను పిలిస్తే మూరెడు దూరంలో ఆగి, తోక ముడిచి, పక్కచూపులు చూడడం మొదలుపెట్టాడు.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక పాత డైరీ తీసుకొని, నాలుగు రోజుల పాటు నేను వాణ్ణి ‘రా’ అని పిలిచినప్పుడల్లా తరువాత ఏం జరిగిందో రాసుకున్నాను. మొత్తం 19 పిలుపులు. అందులో ఏడుసార్లు గొలుసు వేశాను, మూడుసార్లు లోపలికి తోలి గేటు పెట్టాను, రెండుసార్లు పిడుదులు పీకాను, ఒకసారి స్నానం చేయించాను. నాలుగుసార్లు ఏమీ లేదు, ఊరికే పిలిచాను. అన్నం పెట్టింది రెండుసార్లే. ఆ లెక్క చూశాక వాడి మీద కోపం పోయింది. నన్ను ఎవరైనా 19 సార్లు పిలిచి 13 సార్లు నాకు గిట్టని పనే చేస్తే, ఇరవయ్యోసారి నేను మాత్రం పోతానా?

ఇందులో మన భాష తెచ్చిపెట్టే చిక్కు కూడా ఒకటి ఉంది. ‘రా’ అనే అక్షరాన్ని మనం ఇంట్లో రోజంతా వాడుతూనే ఉంటాం. ఏంరా, తినురా, పోరా, కూర్చోరా, ఆగరా అని పిల్లలతో అంటాం, కుక్కతోనూ అంటాం. చివరికి పొమ్మన్నప్పుడు కూడా పోరా అనే అంటాం. కుక్కకు వ్యాకరణం తెలియదు. దాని చెవిన అదొక చప్పుడు, ఏ అర్థమూ అతుక్కోకుండా రోజుకు వందసార్లు పడి అరిగిపోయిన చప్పుడు. అందువల్ల మీరు ఇప్పటిదాకా వాడిన మాటను బాగుచేయడానికి ప్రయత్నించకండి, దాన్ని వదిలేసి కొత్త పిలుపు ఎంచుకోండి. నేను మొదట ‘బుక్కా’ అని పెట్టుకున్నాను, అరవడానికి బాగుంటుందని. కానీ మా అమ్మ మనుమరాలికి అన్నం తినిపిస్తూ ‘ఇంకొక్క బుక్క’ అన్నప్పుడల్లా వాడు వంటింటి గడప దగ్గర హాజరయ్యేవాడు. దాంతో ఆ మాటను మానేసి, బళ్లో ఆటల పంతుళ్లు వాడే ప్లాస్టిక్ ఈల ఒకటి కొన్నాను. రెండు పొట్టి ఊదులు, అంతే. ఈలలో నాకు నచ్చిన గుణం ఏమిటంటే, దానికి కోపం రాదు. నా గొంతులో విసుగు ఎంత దాచుకున్నా కుక్కకు తెలిసిపోయేది. ఈల మాత్రం ఉదయం ఎలా పలికిందో సాయంత్రమూ అలాగే పలుకుతుంది. ఈల జేబులో లేని రోజు కోసం ఇంట్లో ఎవరూ వాడని మాట ఒకటి కూడా ఇదే పద్ధతిలో నేర్పి ఉంచుకోవడం మంచిది.

మన కిరాణా కొట్లలో ‘అప్పు రేపు’ అని రాసి పెడతారు కదా, కుక్కకు పిలుపు నేర్పడంలోనూ ఉద్దెర పనికిరాదు. వచ్చిన కుక్కకు అక్కడికక్కడే, అది మీ కాళ్ల దగ్గరికి చేరిన క్షణంలోనే ముట్టాలి. లోపలికి వెళ్లి డబ్బా మూత తీసి తెచ్చేలోపు అది ఇంకో నాలుగు పనులు చేస్తుంది, చివరి పనికే ఆ ముక్క ముట్టిందని అనుకుంటుంది. సంతృప్తినిచ్చే ఫలితం వెంట ఉన్న పనిని జంతువు మళ్లీ మళ్లీ చేస్తుందనే విషయాన్ని అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లోనే, పిల్లులను పెట్టెల్లో పెట్టి అవి తలుపు తీసుకొని బయటపడే తీరును గమనించి చూపించాడు. మనం చేయవలసిందల్లా ఆ ఫలితం మన దగ్గర దొరికేటట్టు చూడడమే.

ఆ ముట్టజెప్పేది కూడా చవకది కాకూడదు. రోజూ తినే అన్నమో రొట్టె ముక్కో మేకల మందతో పోటీకి నిలవదు. నేను చికెన్ దుకాణంలో కార్జం కొని, ఉప్పు, కారం, ఉల్లిగడ్డ ఏదీ వేయకుండా ఉడికించి, శనగగింజంత ముక్కలు కోసి, చిన్న డబ్బాలో నడుముకు కట్టుకున్నాను. ముక్క పెద్దదైతే కుక్క నమలడానికి కూర్చుంటుంది, రెండు నిమిషాల్లో కడుపు నిండుతుంది, పాఠం అక్కడితో ఆగుతుంది. కార్జం ఎక్కువైతే విరేచనాలు అవుతాయి గనుక ఇలాంటి తాయిలాలన్నీ కలిపి దాని రోజు తిండిలో పదోవంతు దాటకుండా చూసుకోండి. మాంసం తినని ఇల్లయితే పనీర్ ముక్కలు చక్కగా పనిచేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిగడ్డ కుక్కలకు విషంతో సమానం, వాటి జోలికి పోవద్దు.

మొదటి రెండు రోజులు నేను వాణ్ణి అసలు పిలవనే లేదు. వాడు నా పక్కనే ఉన్నప్పుడు రెండు ఊదులు ఊది, వెంటనే నోటికి ముక్క అందించేవాణ్ణి. పూటకు పది పదిహేనుసార్లు, అంతకు మించి లేదు. రెండో రోజు సాయంత్రానికి ఈల మోగగానే వాడి మెడ గిరుక్కున నా వైపు తిరిగింది. అది చూశాక గాని దూరం పెంచలేదు. తరువాత నేను ఒక గదిలో, మా అమ్మాయి ఇంకో గదిలో నిలబడి వంతులవారీగా ఈల వేసి, మా మధ్య వాణ్ణి బంతిలాగా తిప్పాం. ఆ తరువాత వాకిలి, ఆ తరువాత తోట. అక్కడ నుంచి పది మీటర్ల నూలు పగ్గం కట్టాను. నైలాన్ తాడు వద్దు, చేతులు కోసుకుపోతాయి. పగ్గాన్ని మెడ పట్టీకి కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌కు కట్టండి. ఉరుకుతున్న కుక్క తాడు చివర ఒక్కసారిగా ఆగితే మెడ మీద పడే కుదుపు చిన్నది కాదు. ఆ పగ్గం గుంజి తెచ్చుకోవడానికి కాదు. ఈల వినకపోతే అది పారిపోయి సొంతంగా బహుమతి సంపాదించుకోకుండా ఆపడానికి మాత్రమే.

మెడ పట్టీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పని ఇక్కడే చెడుతుంది. కర్రోడు ఈలకు వచ్చేవాడు, కానీ నా చెయ్యి చాచినంత దూరంలో ఆగి గంతులు వేసేవాడు. చెయ్యి ముందుకు పోతే పట్టీ, పట్టీ దొరికితే గొలుసు అని వాడికి తెలుసు. అందుకని వరుస మార్చాను. వాడు వచ్చాక ఎడమ చేత్తో పట్టీని మెల్లగా పట్టుకొని, అలా పట్టుకున్నప్పుడే కుడిచేతిలోని ముక్క నోటికి అందించి, వెంటనే ‘పో, ఆడుకో’ అని వదిలేశాను. మొదట్లో పట్టీ తాకగానే వాడి చెవులు వెనక్కి పోయి, మెడ బిగుసుకునేది. పది రోజులకు తనే వచ్చి మెడను నా చేతికి ఆనించి నిలబడేవాడు. పది పిలుపుల్లో తొమ్మిదింటికి కుక్కను మళ్లీ ఆటకు వదిలేయాలి. వచ్చినందువల్ల ఆట ఆగిపోదని దానికి నమ్మకం కుదిరితే సగం పని అయిపోయినట్టే. స్నానం, పిడుదులు, మందు వంటి వాటికి ఈల వేయకండి, మీరే నడిచి వెళ్లి తీసుకురండి.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. నాలుగో వారంలో, బాగా వస్తున్నాడు కదా అన్న ధీమాతో పగ్గం విప్పి ఉదయసముద్రం కట్ట వైపు తీసుకెళ్లాను. ఎదురుగా మేకల మంద వచ్చింది. వాడు ఉరికాడు, నేను ఈల వేశాను, వాడు ఆగలేదు, మళ్లీ వేశాను, మళ్లీ వేశాను. మేకల కాపరి పెద్దాయన కర్ర అడ్డం పెట్టి నిలబడి ‘గా పీపీ బంద్ జేసి జెర ఉర్కు సారూ’ అన్నాడు. ఆయన మాటే నిజం. వినని ఈలను ఊదినకొద్దీ, ఈల మోగినా మేకల వెంట ఉరకవచ్చని నేనే వాడికి నేర్పుతున్నాను. మళ్లీ పగ్గం కట్టి, మందకు వంద మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా దగ్గరికి జరగడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. అప్పటి నుంచి నాకు ఒకే నియమం: వాడు తప్పక తిరుగుతాడని నా జేబులోని వంద రూపాయలు పందెం కాయగలిగితేనే ఈల వేస్తాను, లేకపోతే నోరు మూసుకొని దగ్గరికి నడుస్తాను.

పొరపాటున చేయి జారి పోతే వెంట ఉరకకండి; మనం తరిమితే దానికి అది ఆట. వెనక్కి తిరిగి మీరే ఇంకోవైపు పరుగెత్తండి, లేదా గొంతుక్కూర్చొని నేల మీద ఏదో చూస్తున్నట్టు నటించండి. మా వాడికి స్కూటర్ ముందు నిలబడి తిరగడం ఇష్టం కనుక, స్టాండు తీసి ఇంజను స్టార్ట్ చేస్తే ఎక్కడున్నా వచ్చేవాడు. ఎంత ఆలస్యంగా వచ్చినా, మీకు ఎంత మండిపోతున్నా, వచ్చిన కుక్కను తిట్టకూడదు. ఇది రాయడం తేలిక, చేయడం కష్టం. పళ్లు బిగించుకొని ముక్క పెట్టిన రోజులు నాకూ ఉన్నాయి.

ఇక మీకు వచ్చిన సలహాల సంగతి. అకారణంగా నొప్పి కలిగేలా జంతువును కొట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. షాక్ పట్టీల విషయానికి వస్తే, బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా మీ సమస్య మీదే జరిగింది. పిలిస్తే రాకపోవడం వంటి ఇబ్బందులున్న 63 కుక్కలను మూడు బృందాలుగా చేసి శిక్షణ ఇస్తే, ఆ పట్టీ వాడినందువల్ల అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు; బహుమతులతో నేర్పిన కుక్కలే మెరుగ్గా విన్నాయి. వేల్స్‌లో ఆ పట్టీలను 2010లోనే నిషేధించారు. ఇంకొక మాట, మీ కుక్క వయసును బట్టి దాన్ని మొండిదని అనుకోవద్దు. 2020లోనే బయాలజీ లెటర్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనంలో, ఐదు నెలల వయసులో తమను పెంచే మనిషి ‘కూర్చో’ అంటే విన్న కుక్కలే ఎనిమిది నెలలకు ఆ మనిషి మాటను తక్కువగా విన్నాయనీ, పరిచయం లేని వ్యక్తి చెబితే మాత్రం ఆ తగ్గుదల లేదనీ తేలింది. ఇంట్లో పదో తరగతి పిల్లలున్నవారికి దీన్ని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

ఎప్పుడూ ముక్క ఇస్తూనే ఉండాలా అని మా బంధువు ఒకాయన అడిగారు. మిగతా పనులకు మెల్లమెల్లగా తగ్గించవచ్చు గాని, పిలుపుకు మాత్రం నేను ఇప్పటికీ ప్రతిసారీ ఇస్తాను. ఏమి ఇస్తాననేదే మారుతుంది. ఒకసారి పనీర్, ఒకసారి గుప్పెడు కార్జం, ఒకసారి కేవలం గట్టిగా మెచ్చుకొని మళ్లీ తోటలోకి పరుగు. మేకలను వదిలి వచ్చిన రోజు డబ్బా అంతా వాడిదే.

మీ గేటు విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఎండాకాలంలో మన వైపు ఎండ 44 డిగ్రీలు దాటుతుంది గనుక ఉదయం ఏడు లోపే పని ముగించండి, తారు రోడ్డు మీద మీ అరచేయి వెనుకభాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్లూ ఆగలేవు. రేబిస్ టీకా గడువు చూసుకోండి. మొదటి వారం పాఠమంతా గేటు మూసి, లోపలి వాకిట్లోనే. రెండో వారం పగ్గం కట్టి, గేటును బెత్తెడు తెరిచి, కుక్క బయటికి చూస్తుండగా పిలవండి. తిరిగి వస్తే నాలుగైదు ముక్కలు ఒకదాని వెంట ఒకటి ఇచ్చి, మీరే గేటు పూర్తిగా తీసి, దానితో పాటు బయటికి నడవండి. మీ దగ్గరికి వస్తేనే గేటు తెరుచుకుంటుందని దానికి అర్థమయ్యేదాకా, పాలవాడికైనా పేపరు వాడికైనా ఆ గేటు తెరిచే ముందు కుక్కను లోపల గదిలో ఉంచమని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.