రోజర్ ఆక్రాయిడ్ హత్య టీవీలో ఎందుకు తేలిపోయింది?

మీ ప్రశ్న ఇదీ: నవల చదివి, ఆ తర్వాత డేవిడ్ సూషే డిటెక్టివ్ పొయిరోగా చేసిన 2000 నాటి ఎపిసోడ్ చూశారు. హత్య అదే, హంతకుడూ అతనే, కానీ పుస్తకం చివర్లో తగిలిన దెబ్బ టీవీలో తగల్లేదు, ఎందుకని? జవాబులో హంతకుడి పేరు చెప్పక తప్పదు. నవల చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, ఆ అనుభవం మళ్ళీ దొరకదు.

1926లో అగాథా క్రిస్టీ రాసిన ఈ నవలలో హత్య గదిలో జరుగుతుంది, మోసం మాత్రం వాక్యంలో జరుగుతుంది. కథ చెప్పే డాక్టర్ షెపర్డే హంతకుడు. నాలుగో అధ్యాయం చివర ఇంకోసారి తీసి చూడండి. ఆక్రాయిడ్ గదిలోకి ఒక ఉత్తరం వచ్చింది ఎనిమిదీ నలభైకి. షెపర్డ్ గది వదిలింది ఎనిమిదీ యాభైకి, ఉత్తరం అప్పటికీ చదవకుండానే ఉంది. తలుపు పిడి మీద చెయ్యేసి, చెయ్యాల్సింది ఏమైనా మిగిలిపోయిందా అని వెనక్కి చూశాడు. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. హత్య మొదటి వాక్యానికీ రెండో వాక్యానికీ మధ్య జరిగిపోయింది. పది నిమిషాలు ఒక ఫుల్‌స్టాప్ కింద దాక్కున్నాయి. ఆఖరి అధ్యాయంలో షెపర్డే ఆ వాక్యాలు మళ్ళీ ఎత్తి చూపించి, మధ్యలో చుక్కల వరస పెట్టి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో అని మురిసిపోతాడు.

కెమెరాకి ఆ వెసులుబాటు లేదు. గదిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే చూపించి, మరుక్షణం వాళ్లలో ఒకడు బయట నడిచి వెళ్తున్నట్టు కట్ చేస్తే, ఆ కట్టే చుక్కల వరస. నాలుగు క్రైమ్ సీరియళ్లు చూసిన ఎవరైనా పట్టేస్తారు.

స్క్రిప్టు రాసిన క్లైవ్ ఎక్స్‌టన్ దీనికి షెపర్డ్ డైరీ అనే మార్గం పట్టాడు, పొయిరో దాన్ని చదువుతుంటాడు. అయితే కథ పొయిరో చేతుల్లోకి వెళ్ళగానే షెపర్డ్ మిగతా అనుమానితుల్లో ఒకడైపోయాడు. ఆ పాత్ర వేసిన ఆలివర్ ఫోర్డ్ డేవిస్ మంచి నటుడు, లోపం నటనలో లేదు. ఇంకా పెద్ద నష్టం పోలీసు అధికారి జాప్ వల్ల జరిగింది. నవలలో జాప్ లేడు, మామూలుగా పొయిరో పక్కనుండి కథ చెప్పే మిత్రుడు హేస్టింగ్స్ అర్జెంటీనాలో ఉన్నాడు. ఖాళీగా ఉన్న హేస్టింగ్స్ కుర్చీలోనే షెపర్డ్ వచ్చి కూర్చుంటాడు. ఆ కుర్చీలో ఉన్నవాణ్ణి నమ్మడం పాఠకుడికి అలవాటు. నా లెక్కలో నవల బలమంతా ఆ నమ్మకంలోనే ఉంది. టీవీలో పొయిరో పక్కకి పాత నేస్తం జాప్‌ని తెచ్చేసరికి, షెపర్డ్‌ని ప్రత్యేకంగా నమ్మాల్సిన పని లేకపోయింది.

చాలామంది పట్టించుకోని చిక్కు ఇంకొకటుంది, అది శబ్దానికి సంబంధించింది. తొమ్మిదిన్నరకి సెక్రటరీ రేమండ్‌కి తలుపవతల ఆక్రాయిడ్ గొంతు వినిపిస్తుంది. అది డిక్టాఫోన్, అంటే గొంతు రికార్డు చేసి మళ్ళీ వినిపించే యంత్రం. మాటలు మరీ ఉత్తరాలు రాసే భాషలో ఉన్నాయని, ఎదురుగా ఉన్న మనిషితో ఎవరూ అలా మాట్లాడరని పొయిరో పట్టుకుంటాడు. పుస్తకంలో మనం ఆ మాటలు చదువుతాం తప్ప వినం, కాబట్టి యంత్రమా మనిషా అన్న ప్రశ్నే రాదు. తెర మీద ఎవరో ఒకరి గొంతు వినిపించి తీరాలి. రికార్డింగులా వినిపిస్తే గుట్టు రట్టు, మామూలుగా వినిపిస్తే ప్రేక్షకుణ్ణి మోసం చేసినట్టు. గదిలో చోటు మారిన కుర్చీ సంగతీ ఇంతే. కుర్చీ ముందుకు జరిగి ఉందని బట్లర్ పార్కర్ మాటల్లో వస్తుంది, అది డిక్టాఫోన్ పెట్టిన బల్ల కనబడకుండా లాగిందని తర్వాత గానీ తేలదు. షాట్‌లో అయితే కుర్చీ కళ్ళెదుటే ఉంటుంది, దాని మీద రెండు క్షణాలు ఆగినా అది క్లూ అని చెప్పేసినట్టే.

ముగింపు మార్చడం మాత్రం నాకు నిజంగా బాధ కలిగించింది. నవలలో అరుపుల్లేవు. అక్క కెరొలిన్‌కి నిజం తెలియకూడదని పొయిరో షెపర్డ్‌కి ఒక్క రాత్రి గడువిస్తాడు. అతను తను రాస్తున్న ఈ కథ ముగించి, ప్రాణం తీసుకోవడానికి వెరొనాల్ అనే నిద్రమందు దగ్గర పెట్టుకుంటాడు. ఎపిసోడ్‌లో దాని బదులు ఫ్యాక్టరీలో తుపాకీ, పరుగులు. అన్నీ ఆరా తీసే కెరొలిన్‌కి ఇంట్లోవాడి సంగతే తెలియకుండా పోవడం, ఆ మౌనం, రెండూ పోయాయి.

మళ్ళీ చూసే ఓపిక ఉంటే నాలుగో అధ్యాయం పక్కన పెట్టుకుని ఉత్తరం వచ్చే సీన్ ఒక్కటీ చూడండి. ఉత్తరం చేతికొచ్చాక తలుపు మూసేదాకా తెర మీద ఏముందో, ఏం ఎగరగొట్టారో కాగితం మీద రాసుకోండి. తర్వాత 2018లో జపాన్ ఫుజి టీవీ కోసం ఇదే నవల ఆధారంగా కోకీ మితానీ రాసిన కురోయిదో గోరోషి చూడండి. కథని 1952 నాటి జపాన్ పల్లెకి మార్చినా, డాక్టర్‌ని డిటెక్టివ్ పక్కన తోడుగానే తిప్పారు. ఆ పాత్రకి యో ఓఇజుమిని తీసుకున్నారు, నవ్వించడంలో పేరున్న నటుడు. అలాంటి మొహాన్ని అనుమానించబుద్ధి కాదు. హేస్టింగ్స్ కుర్చీ వాళ్లకి అక్కడ దొరికింది.