సరిహద్దు దాటి వస్తే అమెరికాలో మళ్లీ ఆరు నెలల గడువు వస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గర ఉంటున్నారు. అమ్మాయి కాన్పు కోసం నా భార్య అక్టోబరులో సందర్శకుల వీసాపై అక్కడికి వెళ్లింది. వీసా పదేళ్లకు ఇచ్చారు గానీ, ఈ దఫా ఉండటానికి ఏప్రిల్ 14 వరకే అనుమతి ఉందని అల్లుడు చెబుతున్నాడు. పాప నెలలు నిండకుండా పుట్టి ఇంకా వైద్యుల పర్యవేక్షణలోనే ఉన్నందున, నా భార్య మరో మూడు నెలలు ఉండాలనుకుంటోంది. కారులో వంతెన దాటి కెనడాలోని విండ్సర్‌కు వెళ్లి అదే రోజు తిరిగి వస్తే కొత్తగా ఆరు నెలలు ఇస్తారని అల్లుడి స్నేహితులు అంటున్నారు. ఇక్కడి కన్సల్టెన్సీ వాళ్లొకరు కూడా అదే మాట చెప్పి, ఏర్పాట్లకు డబ్బు అడుగుతున్నారు. ఇలా చేయడం చట్టబద్ధమేనా?

జవాబు: సరిహద్దు దాటి తిరిగి రావడం నేరమేమీ కాదు. కానీ అలా వచ్చినంత మాత్రాన గడువు పెరుగుతుందన్న హామీ చట్టంలో ఎక్కడా లేదు. పైగా మీ శ్రీమతి పరిస్థితిలో ఆ ప్రయత్నం వల్ల ఇప్పుడు చేతిలో ఉన్న అనుమతి కూడా పోయే ప్రమాదం ఉంది. కనుక ఆ మార్గం వద్దనే నా సలహా.

అమెరికా వీసా అనేది ఆ దేశపు ద్వారం దగ్గరికి వెళ్లి ప్రవేశం కోరడానికి ఇచ్చే అర్హత మాత్రమే. లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో నిర్ణయించేది విమానాశ్రయంలోనో, సరిహద్దు వంతెన దగ్గరో ఉండే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ అధికారి. ఆయన ఇచ్చిన గడువు ఐ-94 అనే రికార్డులో నమోదవుతుంది. మీ అల్లుడు చెప్పిన ఏప్రిల్ 14 అదే. దాన్ని ఆ శాఖ వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరుతో మరోసారి సరిచూసుకోమనండి, ఎందుకంటే పాస్‌పోర్టు గడువు ముందుగా ముగిసేవారికి ఐ-94 తేదీని కూడా అంతవరకే కుదించిన సందర్భాలు ఉంటాయి, చాలామంది తల్లిదండ్రులు అది గమనించకుండా ఆరు నెలలూ ఉన్నాయనే అనుకుంటారు.

అల్లుడి స్నేహితులు చెప్పిన మాటకు ఆధారం లేకపోలేదు. బీ-2 అనే సందర్శక వీసాపై ప్రవేశానికి అర్హులని తేలినవారికి సాధారణంగా కనీసం ఆరు నెలలు ఇవ్వాలని అమెరికా నిబంధనల్లోనే ఉంది. అందువల్ల ఎన్నిసార్లు లోపలికి వస్తే అన్నిసార్లు ఆరు నెలలు వస్తాయన్న నమ్మకం పుట్టింది. కానీ ఆ నిబంధన వర్తించాలంటే, ఆమె కొద్ది కాలానికి వచ్చిన సందర్శకురాలేనని అధికారికి ముందుగా నమ్మకం కలగాలి. వలస ఉద్దేశం లేదని రుజువు చేసుకునే భారం అక్కడి చట్టం ప్రకారం వచ్చిన మనిషి మీదే ఉంటుంది. ఆరు నెలలు దాదాపుగా ఉండి, ఒక పూట కెనడా వెళ్లి వచ్చి, మళ్లీ అంతే కాలం అడిగే వ్యక్తిని చూసినప్పుడు, ఈమె అక్కడే నివాసం ఏర్పరచుకుంటోందేమోనన్న అనుమానం అధికారికి రావడం సహజం.

మరొక సంగతి హెచ్-1బీ మీద పనిచేస్తున్న మన పిల్లల అనుభవం నుంచి వచ్చింది. వీసా ముద్ర గడువు తీరినా ఐ-94 చెల్లుబాటులో ఉంటే, కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల లోపు తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే సౌకర్యం కొన్ని షరతులతో ఉంది. అది పాత ఐ-94లో మిగిలిన కాలానికే మనిషిని తిరిగి అనుమతిస్తుంది తప్ప కొత్త కాలాన్ని ఇవ్వదు. మీ శ్రీమతి వీసా చెల్లుబాటులోనే ఉన్నా, కొద్దిసేపటి కెనడా ప్రయాణం తర్వాత అధికారి ఆమెను ఏప్రిల్ 14 తేదీ మీదనే లోపలికి పంపవచ్చు. అప్పుడు ఆ ప్రయాణంతో ఒరిగేదేమీ ఉండదు. భూమార్గంలో కొత్త ఐ-94 కోరేవారు చెల్లించే రుసుము 2025 సెప్టెంబరు 30 నుంచి 6 డాలర్ల బదులు 30 డాలర్లు అయింది. ఆ రుసుము చెల్లించినంత మాత్రాన కొత్త గడువు ఇచ్చి తీరాలన్న నియమం లేదు.

అసలు కెనడాలో అడుగు పెట్టాలంటేనే భారతీయులకు కెనడా సందర్శక వీసా ఉండాలి. అమెరికా వీసా ఉన్నంత మాత్రాన కెనడా తన వీసా నుంచి మినహాయింపు ఇవ్వదు. మెక్సికో మాత్రం చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవారిని వేరే వీసా లేకుండా రానిస్తుంది కాబట్టి, శాన్ డియేగో వైపు ఉండేవారు అటు వెళ్లి రావడం గురించి చెబుతుంటారు. ఏ వైపు వెళ్లినా తిరుగు ప్రయాణంలో ఎదురయ్యే అధికారం ఒక్కటే. అమెరికా సరిహద్దు అధికారి ప్రవేశం నిరాకరిస్తే మీ శ్రీమతి విండ్సర్‌లో ఆగిపోతారు, మందులూ సామానూ డెట్రాయిట్ ఇంట్లో ఉండిపోతాయి, ఆమె అక్కడి నుంచే హైదరాబాదుకు విమానం ఎక్కవలసి రావచ్చు. పదేళ్ల వీసాను రద్దు చేసే అధికారం కూడా ఆయనకు ఉంది. కొన్ని సందర్భాల్లో న్యాయమూర్తి ముందుకు వెళ్లే అవకాశం లేకుండానే బహిష్కరణ ఉత్తర్వు ఇవ్వవచ్చు, దానివల్ల ఐదేళ్లపాటు ప్రవేశం ఉండదు. ఇక నయాగరా చూసి వస్తున్నామనో, వచ్చే వారమే ఇండియా వెళ్తున్నామనో అబద్ధం చెప్పి దొరికిపోతే, మోసపూరిత ప్రకటన కింద జీవితకాల నిషేధం దాకా వెళుతుంది. మీ అమ్మాయికి మళ్లీ కాన్పు వచ్చినా, ఇంట్లో ఎవరికైనా ప్రాణాపాయం వచ్చినా ఆ తల్లి వెళ్లలేని స్థితి అది. ఈ మాట మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక వంతెన మీద ఎంత పెద్ద హక్కును పణంగా పెడుతున్నారో మీ అల్లుడికి తెలియాలి.

ఆగ్నేయాసియాలో ఈ పద్ధతి మామూలేనని కొందరు వాదిస్తారు. అక్కడా అది అంత సులువుగా లేదు. వీసా మినహాయింపుతో భూసరిహద్దుల గుండా వచ్చేవారికి థాయిలాండ్ 2016 డిసెంబరు 31 నుంచి క్యాలెండరు సంవత్సరానికి రెండుసార్లనే పరిమితి పెట్టింది.

మీ అవసరం నిజమైనది, దానికి చట్టం ఒక నేరు మార్గం చూపింది. గడువు ముగియకముందే యూఎస్‌సీఐఎస్ అనే వలస సేవల విభాగానికి ఐ-539 ఫారంతో పొడిగింపు కోరవచ్చు. సందర్శకులకు ఒక్కో దఫా ఆరు నెలలు మించకుండా పొడిగింపు ఇస్తారు. గడువుకు కనీసం 45 రోజుల ముందు పంపమని ఆ విభాగమే సూచిస్తుంది. అంటే మీ విషయంలో ఫిబ్రవరి నెలాఖరులోగా అన్నమాట. ఆ తర్వాత ఏప్రిల్ 14 దాకా కూడా దాఖలు చేయవచ్చు గానీ, అంతవరకు ఆగవద్దు. 2024 ఏప్రిల్ నుంచి రుసుము ఆన్‌లైనులో 420 డాలర్లు, కాగితం మీద పంపితే 470 డాలర్లు. చెల్లించే రోజున వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోవాలి.

దరఖాస్తులో కారణం ఉన్నది ఉన్నట్టే రాయాలి. పాప ఎప్పుడు పుట్టింది, ఏ చికిత్స జరుగుతోంది, ఎంతకాలం పర్యవేక్షణ అవసరమన్న విషయాలతో అక్కడి వైద్యుల లేఖ, ఆసుపత్రి కాగితాలు, ఖర్చులు భరిస్తానని అల్లుడి లేఖ, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయండి. మూడు నెలలు చాలనుకుంటే మూడు నెలలే అడగండి. ఆరు అడిగితే నష్టమేమిటని కొందరు అంటారు, కానీ కారణానికి సరిపడే కాలం అడిగిన దరఖాస్తే నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఆమె తిరిగి వస్తారనడానికి మీ పింఛను ఉత్తర్వు, హనుమకొండ ఇంటిపన్ను రశీదు, పొలం ఉంటే పట్టాదారు పాసు పుస్తకం నకళ్లు పెట్టండి. అన్నిటికంటే బలమైన ఆధారం భర్తగా మీరు ఇక్కడే ఉండటం. ఆ సంగతి లేఖలో స్పష్టంగా రాయించండి.

గడువు లోపల దాఖలైన సక్రమమైన దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం, ఏప్రిల్ 14 దాటినా అక్రమ నివాసపు రోజులు లెక్కలోకి రావు. నిర్ణయానికి తరచుగా నెలలు పడుతుంది కాబట్టి, అది వెలువడకముందే ఆమె జులైలో తిరిగి రావడం కూడా జరగవచ్చు. అప్పుడు దరఖాస్తు రశీదును భద్రంగా ఉంచుకోవాలి, తర్వాతి ప్రయాణంలో అది అడగవచ్చు. ఆమె అక్కడ ఉండగానే తిరస్కరణ వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా బయలుదేరాలి. ఒక హెచ్చరిక: దరఖాస్తు పెండింగులో ఉండగా కెనడా వెళితే, దాన్ని వదులుకున్నట్టుగా పరిగణించవచ్చు. ఈ రెండు పనులూ కలిపి చేయకూడదు.

దరఖాస్తు లేకుండా గడువు దాటి ఒక్క రోజు ఉన్నా ఆ వీసా చెల్లకుండా పోతుంది, ఆపైన కొత్త వీసాకు స్వదేశంలోనే దరఖాస్తు చేసుకోవాలి. అక్రమ నివాసం 180 రోజులు మించి, ఏడాది నిండకముందే దేశం విడిచితే మూడేళ్లు, ఏడాది లేదా అంతకుమించి ఉంటే పదేళ్లు ప్రవేశ నిషేధం ఉంటుంది.

కన్సల్టెన్సీకి డబ్బు కట్టవద్దు. సరిహద్దు అధికారి విచక్షణను హనుమకొండలో కూర్చుని ఎవరూ ఏర్పాటు చేయలేరు. ఇంతకుముందు గడువు మీరిన చరిత్ర గానీ, వీసా తిరస్కరణ గానీ ఉంటే ఫారం నింపే ముందు అక్కడ లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ న్యాయవాదిని అల్లుడు సంప్రదించాలి. నేను ఇక్కడి కోర్టులలో వాదించే న్యాయవాదిని, అక్కడి అధికారుల ముందు ఆమె తరఫున నిలబడే అర్హత వారికే ఉంటుంది. తిరుగు టికెట్టును ఇప్పుడే రద్దు చేయకండి. ఏప్రిల్ 14కు ముందు తేదీ టికెట్టును అలాగే ఉంచి, ఐ-539 అందినట్టు రశీదు చేతికి వచ్చిన తర్వాతే తేదీ మార్పించండి.