తీసుకున్న కనెక్షన్ తిరిగివ్వమ్మా

విజయవాడ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చేరిన నెలకే నీకు సర్వర్ పని అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. నేను దెబ్బతిని నేర్చుకున్నది నీకు ముందే తెలియాలని ఈ ఉత్తరం.

గుంటూరులో ఒక కళాశాల ఫలితాల సైటును నేను చూసుకునేవాణ్ణి. ఫలితాలు విడుదలైన గంటలోపే అది నిలిచిపోయేది. ఆపి మళ్లీ మొదలుపెడితే కాసేపు నడిచేది. తప్పు డేటాబేస్‌దేనని రెండు రోజులు దాని చుట్టూ తిరిగాను. చివరికి లాగ్, అంటే సర్వర్ రాసుకునే చిట్టా, మొదటి నుంచి చదివితే అసలు సంగతి దొరికింది. ఎవరైనా హాల్‌టికెట్ నంబరు తప్పు కొడితే మా కోడ్ ఎక్సెప్షన్‌తో, అంటే లోపం తగిలి మధ్యలోనే, బయటికి వచ్చేస్తోంది. డేటాబేస్‌తో మాట్లాడటానికి తీసుకున్న కనెక్షన్‌ను మూసి తిరిగిచ్చే లైను దాని కింద ఉంది. అక్కడిదాకా వెళ్లనే లేదు. కనెక్షన్లను సిద్ధంగా ఉంచి అరువిచ్చే హికారీసీపీ పూల్‌లో మనం మార్చకపోతే ఉండేవి 10 కనెక్షన్లే. పది తప్పు నంబర్లు పడితే పదీ పోయినట్టే. ఆ తర్వాత వచ్చిన పిల్లవాడు, తన నంబరు సరిగ్గానే కొట్టినవాడు, 30 సెకన్లు ఎదురుచూసి ఎర్రర్ పేజీ చూశాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే జావా 7 నుంచి ఉన్న ట్రై-విత్-రిసోర్సెస్ లోపలే కనెక్షన్ తీసుకో. మధ్యలో లోపం వచ్చినా అదే మూసేస్తుంది. పూల్ పెంచితే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. చిల్లుకుండ ఎంత పెద్దదైతే ఏం? మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కూడా మామూలుగా 151 కనెక్షన్లకే హద్దు గీస్తుంది. పూల్‌లో లీక్ డిటెక్షన్ గడువు పెట్టు. అది మొదట ఆపేసి ఉంటుంది. పెడితే, తీసుకుని ఇవ్వని కనెక్షన్ ఏ లైనులో తీసుకున్నదో లాగ్‌లో చూపిస్తుంది.

ఇక సెషన్, అంటే లాగిన్ అయినవాడి వివరాలు సర్వర్ గుర్తుంచుకునే చోటు. దుర్గగుడి దగ్గర చెప్పులు స్టాండులో ఇచ్చి టోకెన్ పట్టుకుని కొండెక్కుతాం కదా, బ్రౌజర్ దాచుకునే కుకీలో ఉండవలసింది అలాంటి టోకెనే, అంటే సెషన్ నంబరే. లాగిన్ కాగానే సెషన్ నంబరు మార్చు. లేకపోతే తనకు తెలిసిన నంబరును ముందే అంటగట్టినవాడు ఆ మనిషి ఖాతాలోకి దర్జాగా వస్తాడు. కుకీకి సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే పంపమని), హెచ్‌టీటీపీఓన్లీ (పేజీలోని స్క్రిప్టుకు అందనివ్వొద్దని) గుర్తులు తప్పనిసరి.

సెషన్‌లో కనెక్షన్ దాచే కోడ్ కనబడితే ఆ రోజే తీసెయ్యి. జావా సైట్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్ కదలిక లేని సెషన్‌ను కూడా మామూలుగా 30 నిమిషాలు ఉంచుతుంది. భోజనానికి లేచి వెళ్లినవాడి పేరున ఒక కనెక్షన్ అరగంట బందీ అయిపోతుంది.

ఈ రాత్రే నీ కోడ్‌లో గెట్‌కనెక్షన్ అని వెతుకు. తిరిగిచ్చే దారి ఎన్నిచోట్ల లేదో రాసిపెట్టుకో. ఆదివారం ఇంటికి రా, అత్తయ్య వంట చేసేలోపు ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ సరిచేద్దాం.

మామయ్య