ఆడపిల్లకు పొలం రాదని బైబిల్లో ఉందంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, క్రైస్తవ కుటుంబం. నాన్నగారు తన సంపాదనతో కొన్న నాలుగున్నర ఎకరాలు ఉన్నాయి. వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ ఉంది, ఇద్దరు అన్నయ్యలు, నేను. "ఇశ్రాయేలీయులు చీట్లేసే భూమి పంచుకున్నారు, మేమిద్దరం అలాగే పంచుకుంటాం, వేరే ఇంటికి వెళ్లిన ఆడపిల్లకు భూమి పోకూడదని సంఖ్యాకాండంలోనే ఉంది" అంటున్నాడు పెద్దన్నయ్య. కట్నం ఇచ్చాం కాబట్టి హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమంటున్నాడు. వాక్యానికి ఎదురెళ్తున్నానేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మీ టెన్షన్ చట్టం గురించి కన్నా వాక్యం గురించే ఎక్కువగా ఉన్నట్టుంది, అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ అన్నయ్యగారు చెప్పింది అబద్ధం కాదు, కానీ ఆయన కథలో చివరి ముక్క ఒక్కటే పట్టుకున్నారు.

సంఖ్యాకాండం 26, 27 అధ్యాయాలు తీసి చదవండి. కనానులోకి వెళ్లబోయే ముందు మోయాబు మైదానాల్లో జనాభా లెక్క తీశారు. 20 ఏళ్లు దాటి యుద్ధానికి వెళ్లగలిగిన మగవాళ్లు 6,01,730 మంది తేలారు, ఆ లెక్కను బట్టే భూమి పంచాలన్నారు. ఆ లెక్కలోకి రాని ఇల్లు ఒకటుంది, మనష్షే గోత్రంలో సెలోపెహాదు ఇల్లు. ఆయన అరణ్యంలోనే చనిపోయాడు, కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఐదుగురు కూతుళ్లు. ఆ ఐదుగురూ ఆరాధన గుడారం గుమ్మం దగ్గరకు వచ్చి మోషే, యాజకుడు ఎలియాజరు, పెద్దలు, మొత్తం సమాజం ముందు నిలబడి, కొడుకు లేనంత మాత్రాన మా నాన్న పేరు వంశంలో లేకుండా పోవాలా, ఆయన అన్నదమ్ములతో పాటు మాకూ భూమి ఇవ్వండి అని అడిగారు. మోషే సొంతంగా తీర్పు చెప్పలేదు, దేవుడి దగ్గరకు తీసుకెళ్లాడు. వాళ్లు అడిగింది న్యాయమే అని జవాబు వచ్చింది. ఇన్నేళ్లుగా వాటాల కేసులు చూస్తున్నదాన్ని, ఆ భాగం చదివిన ప్రతిసారీ నాకు కళ్లు చెమరుస్తాయి. అంతమంది ముందు అడగడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

అక్కడితో ఆగకుండా అది అందరికీ నియమం అయింది. కొడుకు లేకపోతే కూతురికి, కూతురూ లేకపోతే అన్నదమ్ములకు, వాళ్లూ లేకపోతే తండ్రి అన్నదమ్ములకు, ఆ తర్వాత దగ్గరి రక్తసంబంధికి. కొడుకులుంటే కూతురికి వాటా ఇవ్వాలని మాత్రం ఆ నియమంలో లేదు, ఆ సంగతి మీ దగ్గర దాచను. అయినా ఇచ్చిన తండ్రులు ఉన్నారు. యోబు తన కూతుళ్లకు అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యం, అంటే వారసత్వ వాటా, ఇచ్చాడు. కాలేబు కూతురు అక్సా అయితే నాకిచ్చింది ఎండిన నేల, నీళ్లు కూడా ఇవ్వు అని అడిగి పైన ఉన్న ఊటలూ కింద ఉన్న ఊటలూ తీసుకుంది.

ఇక మీ అన్నయ్యగారు పట్టుకున్న 36వ అధ్యాయం. ఈ అమ్మాయిలు వేరే గోత్రంలో పెళ్లి చేసుకుంటే మా గోత్రం భూమి అటు పోతుంది కదా అని వాళ్ల మనష్షే గోత్రంలోని గిలాదు వంశం పెద్దలు అభ్యంతరం పెట్టారు. 50వ ఏట వచ్చే సునాద సంవత్సరంలో అమ్ముకున్న భూమి కూడా తిరిగి సొంతవాళ్లకే చేరే పద్ధతి అది, కాబట్టి వాళ్ల భయం అర్థమవుతుంది. తీర్పు ఏమిటంటే, ఆ ఐదుగురూ తండ్రి గోత్రంలోనే పెళ్లి చేసుకోవాలి. బాబాయి కొడుకులను చేసుకున్నారు. అంతే గానీ, అభ్యంతరం వచ్చింది కదా అని వాళ్ల భూమి రద్దు కాలేదు. యెహోషువ 17లో చూడండి, యొర్దానుకు ఇటువైపు మనష్షేకు 10 వంతులు వచ్చాయి. వంశాలు ఆరు, అందులో సెలోపెహాదు తండ్రి హెపెరు వంతును ఈ ఐదుగురికీ విడదీసి లెక్కేస్తే సరిగ్గా పది. 1910లో షోమ్రోను (సమరయ) తవ్వకాల్లో ద్రాక్షారసం, నూనె లెక్కలు సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి, అవి క్రీ.పూ. 8వ శతాబ్దానివి. వాటిలో నోయా, హొగ్లా అనే పేర్లు ప్రాంతాల పేర్లుగా ఉన్నాయి.

చీట్ల సంగతి కూడా చెప్పాలి. ఎక్కువమంది ఉన్న గోత్రానికి ఎక్కువ, తక్కువమందికి తక్కువ అనేది ముందే ఉన్న నియమం. ఇంకా ఏడు గోత్రాలకు భూమి రావాల్సి ఉన్నప్పుడు మోషే తర్వాత నాయకుడైన యెహోషువ ఒక్కో గోత్రం నుంచి ముగ్గుర్ని పంపి, దేశమంతా తిరిగి ఊళ్ల వారీగా ఏడు భాగాలు రాసుకు రమ్మన్నాడు. అది చేతికి వచ్చాకే షిలోహులో అందరి ఎదుట చీట్లు వేశాడు. యూదాకు ఎక్కువైపోయిందని తేలితే అందులోంచే షిమ్యోనుకు ఇచ్చారు. భూమి రాని లేవీయులకు కూడా 48 పట్టణాలు, వాటి చుట్టూ పచ్చిక బయళ్లు దక్కాయి. అంటే చీటీ వల్ల ఏ భాగం ఎవరిదో తేలుతుంది, ఎవరికి హక్కుందో తేలదు. హక్కుదారుల్లో ఒకరిని బయట నిలబెట్టి మిగతా ఇద్దరూ చీట్లేసుకుంటే దాన్ని యెహోషువ పద్ధతి అనలేం.

ఇప్పుడు మీ కేసు. అది గోత్రాల భూమికి పెట్టిన నియమం, మీ నాలుగున్నర ఎకరాలకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానం, కొడుకా కూతురా, పెళ్లయిందా లేదా అన్న తేడా లేదు. అంటే అమ్మకు ఎకరన్నర, మీ ముగ్గురికీ తలా ఎకరం. కట్నం మాట ఎత్తితే అదే చట్టంలో 49వ సెక్షన్ చూపించండి, తండ్రి బతికుండగా బిడ్డకు ఇచ్చింది ఈ వాటాలో కోయకూడదని అందులో ఉంది. ఒకవేళ రికార్డుల్లో మీ కుటుంబం హిందువులుగా ఉండి, హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుందని ఎవరైనా వాదించినా, మీ నలుగురికీ సమానంగా ఎకరం పన్నెండున్నర సెంట్లు వస్తుంది. ఎలా చూసినా మీ వాటా ఎక్కడికీ పోదు.

పొలం కాగితాలు, ఈసీ (భూమి లావాదేవీల పత్రం), అడంగల్, వన్-బీ అనే రెవెన్యూ రికార్డుల నకళ్లు, నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెచ్చుకోండి. అమ్మను కూర్చోబెట్టి, ఆమెకు తెలిసిన పెద్దల ముందు అన్నయ్యలతో మాట్లాడండి. ఒప్పుకుంటే సర్వేయర్‌తో కొలిపించి, నీళ్లొచ్చే వైపు, రోడ్డు వైపు చూసి భాగాలు సరిచేసి, అప్పుడు చీట్లు వేసుకోండి, మీ చీటీ కూడా ఉండాలి. భాగ పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేయించుకోండి. ఒప్పుకోకపోతే వకీలు నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టులో పంపకం దావా. ఖర్చుకు భయపడకండి, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, మీ జిల్లా కోర్టు ఆవరణలోనే అడగండి.