భవిత కేంద్రం బీరువా తెరిచే ముందు

బిడ్డా,

వైకల్యమున్న పిల్లల భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా, అంటే వాళ్లకు నేర్పే రిసోర్స్ పర్సన్‌గా చేరినవని తెలిసి సంతోషమైంది. హన్మకొండ నుంచి నీ మండలానికి వచ్చి పోవుట్లనే రోజుకు రెండు గంటలు బస్సులో గడుస్తయి కదా, ఇది అప్పుడు చదువుకో. కేంద్రం తాళాలతోపాటు ఇనుప బీరువా తాళం కూడా నీ చేతికి ఇచ్చి ఉంటరు. అందులో ఏమున్నయో తెరవకుండనే చెప్పొచ్చు. అట్టపెట్టె విప్పని వినికిడి యంత్రాలు ఒకటి రెండు, బ్రెయిలీ పలకలు, టీఎల్‌ఎం (బోధన సామగ్రి) కిట్టు, ఛార్జింగ్ దిగిపోయిన ట్యాబు. తనిఖీకి ఎవరన్న వస్తే చూపించడానికి భద్రంగా ఉంటయి. ఏడాదికోసారి వాటిమీద దుమ్ము దులుపుతరు.

మొదటి వారం ఆ బీరువా జోలికి పోకు. ఒక్కో పిల్లవాడి పక్కన కూసొని, ఏ పని దగ్గర ఆగిపోతున్నడో చూసి రాసుకో. "చదవడు" అని రాస్తే లాభం లేదు. "బోర్డు మీదిది ఎక్కించుకోలేడు, పుస్తకంలోది ముక్కు ఆనించి చదువుతడు" అని రాస్తే ఏం కావాలో సగం తేలినట్టే. వానికి కావాల్సింది ట్యాబు కాదు. పుస్తకం ఏటవాలుగా నిలిపే స్టాండు, లేకుంటే బోర్డును ఫొటో తీసి పెద్దగ చేసుకునే ఫోను. ఉన్న వస్తువును ఎవరికి అంటగట్టాల్నా అని చూస్తే అది వారంలో మళ్ల బీరువాకే వస్తది.

ఇగ వినికిడి యంత్రాల సంగతి. దీనిమీద కొంచెం ఎక్కువ రాస్తున్న, ఎందుకంటే పిల్లల చెవికి ఉండి కూడా పనిచెయ్యని యంత్రాలే బళ్లలో ఎక్కువ. బ్యాటరీ అయిపోయిన యంత్రం చెవిలో బిరడా పెట్టినట్టే, ఉన్న కాస్త వినికిడిని కూడా ఆపుతది. పిల్లవాడు తీసి జేబులో వేసుకుంటడు, మనం మొండితనం అంటం.

పొద్దున ప్రార్థన అయినంక ఒక్కో పిల్లవానికి మూడు నిమిషాలు చాలు. ముందు బ్యాటరీ. చెవి వెనక పెట్టే యంత్రాల్లో ఎక్కువగా వాడేవి నీలం స్టిక్కరుండే 675 నంబరు, నారింజ స్టిక్కరుండే 13 నంబరు. ఇవి గాలి తగిలితేనే పనిచేస్తయి. స్టిక్కరు పీకినంక ఒక నిమిషం ఆగి అప్పుడు యంత్రంలో పెట్టు. వెంటనే మూసేస్తే గాలి సరిగ్గ అందక, కొత్త బ్యాటరీ కూడా వీకున్నట్టు అనిపిస్తది. ఒకసారి పీకినంక మళ్ల అంటించినా మిగిలేదేమీ లేదు. అందుకే ముందుగానే అన్నీ పీకి పెట్టుకోకు. రాత్రి యంత్రం బ్యాటరీ తలుపు తెరిచి పెట్టమని ఇంట్ల చెప్పు. పాత బ్యాటరీలు చిన్నపిల్లలకు అందకుండ చూడు. మింగితే ఇంటి వైద్యం చెయ్యొద్దు, ఆ క్షణమే దవాఖానకు తీసుకపోవాలె.

తర్వాత యంత్రం కూత. పిల్లవాని చెవిలో పెట్టినప్పుడు కీచుమంటే అందరూ సౌండు తగ్గిస్తరు. అది తప్పు. యంత్రం చెవి నుంచి తీసి, మోల్డు (చెవి లోపల కూసునే అచ్చు) రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసి చూడు. కూత ఆగిందంటే యంత్రం మంచిదే. మోల్డు చెవికి సరిగ్గ కూసుంటలేదు, వదులైంది, లేకుంటే చెవిలో గులిమి ఉంది. మూసినా కూస్తే గొట్టం పగిలి ఉంటది, లేదా లోపల రిపేరు. ఎదిగే పిల్లల చెవి కూడా ఎదుగుతది. చిన్నపిల్లలకు ఆరు నెలలకో ఏడాదికో మోల్డు మార్చాల్సి వస్తది. ఐదేండ్లప్పుడు చేసిన మోల్డు తొమ్మిదేండ్ల చెవిలో కూయక ఏం చేస్తది? గొట్టం పసుపుపచ్చగా మారి గట్టిపడితే అది కూడా మార్పించు. మోల్డును యంత్రం నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడుగు. గొట్టంలో నీటిచుక్క మిగలకుండ ఊది, పూర్తిగా ఆరినంకనే తగిలించు. ఆ ఒక్క చుక్క చాలు శబ్దం ఆగిపోవడానికి.

ఆఖరికి ఆరు ధ్వనుల పరీక్ష. మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. వీటిని లింగ్ ధ్వనులంటరు. పిల్లవాని వెనక మూడడుగుల దూరంలో నిలబడి మామూలు గొంతుతో ఒక్కోటి అను. వినబడితే ఒక గింజను డబ్బాలో వెయ్యాలె. రోజూ ఒకే వరుసలో అనకు, ఒక్కోదానికి మధ్య ఒకే వ్యవధి ఇయ్యకు. పిల్లలు తెలివైనోళ్లు, లెక్కపెట్టి వేసేస్తరు. ముందర నిలబడితే చెయ్యి అడ్డం పెట్టుకోకు, ధ్వని మారిపోతది. నిన్నటిదాకా ష్, స్ పట్టినోడు ఇయ్యాల పట్టలేదంటే బ్యాటరీ, మోల్డు, గొట్టం ఈ వరుసలో చూడు. మూడూ మంచిగున్నా వినకపోతే చెవి డాక్టరుకు చూపించాలె.

మన దగ్గర ఎండకు చెమట, వానకాలం తేమ. మూత గట్టిగుండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా గింజల పొట్లం వేసి రాత్రి యంత్రం అందులో పెట్టమను. బ్యాటరీ మాత్రం తీసి బయట ఉంచాలె, లేకుంటే గింజలు దాన్ని కూడా ఎండబెడతయి. క్లాసులో ఆ పిల్లను మొదటి బెంచీ నడుమ కంటే రెండో బెంచీలో ఒక పక్కకు కూసోబెట్టు, సారు మొహంతోపాటు మాట్లాడే పిల్లల మొహాలు కూడా కనబడతయి. ఫ్యాను కిందా, రోడ్డు వైపు కిటికీ పక్కనా వద్దు. యంత్రం అన్ని చప్పుళ్లనూ పెంచుతది, ఏది పాఠమో దానికి తెల్వదు.

మాట రాని పిల్లలకు చాలామంది మొదలే ట్యాబులో యాప్ వేస్తరు. నా మాట విని ముందు కాగితంతో మొదలుపెట్టు. ఏ4 కాగితం మీద నాలుగు గళ్లు, ఒక్కో గడిలో ఒక బొమ్మ, కింద మాట. ఇదే బొమ్మల బోర్డు. నాలుగు వచ్చినంక తొమ్మిది, ఆ తర్వాత పదహారు. గళ్లు పెంచినా పాత బొమ్మల జాగ మార్చకు. మనం టైపు కొట్టేటప్పుడు వేళ్లకు తావు గుర్తున్నట్టే పిల్లవాని చేతికి కూడా ఉంటది. లామినేషన్ చేయిస్తే మెరుపుకు బొమ్మ కనబడదు, మెరవని రకం అడుగు.

ఏ మాటలు పెట్టాల్నన్నదే అసలు పని. కుక్క, పిల్లి, ఆపిల్ పండు అని చార్టు నుంచి కత్తిరించి అంటిస్తరు. ఆ పిల్లవానికి పొద్దున లేస్తే ఆపిల్‌తో ఏం పని? "ఇంక", "వద్దు", "ఇయ్యి", "రా", "అయిపోయింది", "నొస్తాంది" ఇవి ముందు పెట్టు. వీటితో బడిలోనూ, ఇంట్లోనూ, జాతరలోనూ నడుస్తది. రెండో సంగతి, ఇంటి మాట రాయాలె. ఇంట్ల బాపు అనే పిల్లకు బోర్డు మీద నాన్న అని రాస్తే, ఆమె వేలు పెట్టే మాట ఇంట్ల ఎవరూ పలకరు. బువ్వ, అంగి, దూప అట్లనే రాయి. నర్సంపేట, మహబూబాబాద్ వైపు తండా పిల్లయితే అమ్మ బొమ్మ కింద యాడి అని రాయి. ఏటూరునాగారం వైపు కోయ పిల్లలుంటే వాళ్ల ఇంట్ల పెద్దమనిషిని కూసోబెట్టుకొని మాటలు అడిగి రాసుకో.

బోర్డు ఇచ్చినంక "కుక్క ఏది? చూపియ్యి" అని పరీక్ష పెట్టకు. బోర్డు పిల్లవాని నోరు, పరీక్షపేపరు కాదు. నువ్వు మాట్లాడుకుంటనే బొమ్మ మీద వేలు పెట్టు: "ఇంక" కావాల్నా? "అయిపోయిందా?" అడిగినంక మనసులో పదిదాకా లెక్కపెట్టి ఆగు. ఈ ఆగుడే చాలామందికి చాతకాదు, మూడు లెక్కపెట్టేలోపు మనమే జవాబు చెప్పేస్తం. అల్లరి చేసిండని బోర్డు గుంజుకోవద్దు. ఒకటి బడిలో, ఇంకోటి ఇంట్ల, రెండు కాపీలు ఉండాలె.

ఇది అలవాటైనంకనే మాట పలికే పరికరం. ఒక్క మాట రికార్డు చేసి, మీట నొక్కితే పలికే చిన్న పరికరాలు దొరుకుతయి. అందులో "ప్రెజెంట్ సార్" అని అదే ఊరి, అదే వయసు పిల్లవాని గొంతుతో రికార్డు చెయ్యి. నీ గొంతు వద్దు. హాజరు పిలిచినప్పుడు క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తది, ఆ చూపు మంచిదే.

చూపు లేని పిల్లలకు తెర మీదిది చదివి వినిపించేవి ఫోనులో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ. రెండూ పైసల్లేకుండ వస్తయి. టాక్‌బ్యాక్ పెట్టేముందు గూగుల్ తెలుగు గొంతును వైఫై ఉన్నకాడ డౌన్‌లోడ్ చేసి ఉంచు, ఊళ్లో నెట్టు లేకున్నా పలుకుతది. సెట్టింగుల్లో షార్ట్‌కట్ ఆన్ చేస్తే రెండు వాల్యూమ్ బటన్లు మూడు సెకన్లు పట్టుకుంటే అది మొదలైతది, అట్లనే ఆగుతది. కుడికి తోస్తే తర్వాతి అంశం, రెండుసార్లు తడితే తెరుచుకుంటది, పైకీ కిందికీ జరపాలంటే రెండు వేళ్లు. ఇంతే నేర్పి వారం వదిలెయ్యి. ఇయర్‌ఫోను ఒక్క చెవికే పెట్టాలె, రెండో చెవి సారు మాటకు.

ఎన్‌వీడీఏతో పాఠం చదివిద్దామని పీడీఎఫ్ తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు గడగడ చదువుతది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకొని తీసేస్తరు. తప్పు దానిది కాదు. డీటీపీ సెంటర్లలో ‘అను’ అనే పాత ఫాంట్లతో కొట్టిన ఫైలు అది, కంటికే తెలుగు, కంప్యూటర్‌కు కాదు. తెలుసుకునే ఉపాయం చెప్తున్న. ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్టు చెయ్యి. తెలుగు వస్తే యూనికోడ్, పిచ్చి అక్షరాలొస్తే పాత ఫాంటు. పాత ఫాంటైతే పేజీలను ఫొటోగా చేసి గూగుల్ లెన్స్‌తో అక్షరాలు తీసుకోవచ్చు. కానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తయి, పిల్లకిచ్చేముందు నువ్వు ఒకసారి దిద్దాలె. లెక్కలూ పట్టికలూ ఆశపడకు. పద్యాలు మాత్రం యంత్రంతో చదివించకు, పదో తరగతి పిల్లతో పది నిమిషాల ముక్కలుగా చదివించి, పాఠం నంబరుతో పేరు పెట్టి ఫోనులో దాచు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో కూడా పేరు నమోదు చేయించు, వైకల్య ధ్రువపత్రం అడుగుతరు.

ఫోను చదువుతాంది కదా అని బ్రెయిలీ మానొద్దు. చెవితోనే చదివిన పిల్లకు స్పెల్లింగు రాదు. పలక మీద కుడి నుంచి ఎడమకు పొడవాలె, కాగితం తిప్పితే ఎడమ నుంచి చదవొచ్చు. భారతి బ్రెయిలీలో గుణింతం అక్షరానికి అంటదు, పక్కన వేరే గడిలో అచ్చుగా వస్తది. కాకి అంటే క, ఆ, క, ఇ, నాలుగు గళ్లు. ఒత్తు కిందికి రాదు. పొల్లు గుర్తుగా 4వ చుక్క ముందు వస్తది, కాబట్టి అమ్మ అంటే అ, 4వ చుక్క, మ, మ. చూపున్న టీచర్లు కింద ఒత్తు ఏదని వెతికి పిల్ల తప్పు రాసిందని కొట్టేస్తుంటరు. హెచ్‌ఎం సారుకు కూడా ఇది ఒకసారి చూపించు.

చూపు తక్కువున్న పిల్లలకు జిరాక్స్ పెద్దగ చేయించి అయిపోయిందనుకోకు. ఏ4ను ఏ3 చేస్తే అక్షరం 1.4 రెట్లే పెరుగుతది, 12 పాయింట్లది 17 అయితది. తెలుగులో ఒత్తు అక్షరం కంటే చిన్నది, కాబట్టి ఎంత సైజు సరిపోతదో "ఉత్సవం" లాంటి మాటతో పరీక్షించు. ఒళ్లంతా తెల్లగా పుట్టిన పిల్లలకు వెలుగే బాధ, కిటికీకి వీపు పెట్టి కూసోబెట్టు. చదువులో తడబడే పిల్లలకు లైను కిటికీ పనిచేస్తది: నల్ల చార్టుకు సన్నని సందు కత్తిరించి, ఒక్క లైనే కనబడేటట్టు జరుపుకుంట చదవాలె. ఇంగ్లిష్ కోసం చేసిన రెడీమేడ్‌వి ఒత్తులను కోసేస్తయి, సొంతంగా కొలిచి కొయ్యి.

చేతులు స్వాధీనంలో లేని పిల్లలకు కంప్యూటర్ ముందు కుర్చీ చూడు. పాదాలు గాల్లో వేలాడితే చెయ్యి ఎప్పటికీ కుదరదు. కింద చెక్కపీట వెయ్యి, మోకాలు, నడుము లంబంగా ఉండాలె, బల్ల మోచేతి ఎత్తుకు రావాలె. ఆ తర్వాత షిఫ్ట్ మీట ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ వస్తది, రెండు మీటలు ఒకేసారి పట్టుకునే బాధ తప్పుతది. కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్, వణికే వేలు ఒకే అక్షరాన్ని పదిసార్లు కొట్టకుండ ఆపుతది.

క్యాంపుల్లో అలింకో (వైకల్యమున్నోళ్లకు పరికరాలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు కొలతలు తీసిన రోజుకూ, చక్రాల కుర్చీ చేతికొచ్చే రోజుకూ నడుమ నెలలు పడతయి. కొలిచిన తేదీ రాసిపెట్టుకొని, ఇచ్చిన రోజు ఫుట్‌రెస్టు మళ్ల సరిచేయించు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నయి, వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏండ్లదాకా ఉచిత చదువు హక్కు. సర్టిఫికెట్ రాలేదని బొమ్మల బోర్డు ఆపకు, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పదో తరగతి పిల్లలకు పరీక్షలో స్క్రైబు (చెప్తే రాసిపెట్టే మనిషి), అదనపు సమయం కావాలంటే నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పొయ్యేలోపు హెచ్‌ఎంతో మాట్లాడు. స్క్రైబుతో ఇంట్ల రాసి అలవాటు లేకుంటే ఆ సమయం కూడా వృథానే.

ఇంట్ల నేర్పేటప్పుడు తల్లితోనే ఆగకు. పత్తి ఏరే రోజుల్లో తల్లి చీకట్లోనే చేనుకు పోతది, పొద్దున యంత్రం పెట్టేది నాయనమ్మనో అక్కనో. వాళ్లతో నీ ముందరే మూడుసార్లు బ్యాటరీ మార్పించు. ఎండాకాలం సెలవులకు లెక్కేసి పంపు: 675 బ్యాటరీ సుమారు రెండు వారాలు వస్తది, అంటే ఏడు వారాలకు చెవికి నాలుగు.

స్టాకు రిజిస్టరులో "పంపిణీ తేదీ" అని ఒక గడి ఉంటది చూడు. దాని పక్కన పెన్సిలుతో ఇంకోటి గీసుకో, "ఆఖరుసారి వాడంగ చూసిన తేదీ" అని. ఆ గడి నెల దాటి పాతదైతే శనివారం ఆ ఇంటికే ముందు పో.

ఉంట బిడ్డా.
నీ పెద్దసారు, హన్మకొండ