బిఫ్ బ్యాంగ్ పౌ: పాటా, బృందమా?
‘బిఫ్ బ్యాంగ్ పౌ’ పేరు పక్కన ఒకచోట 1966 అని, మరోచోట 1983 అని చూసి తికమక పడుతున్నారు కదండీ. రెండూ నిజమే. 1966లో ఇంగ్లండ్ రాక్ బృందం ‘ద క్రియేషన్’ పాడిన పాట పేరు ‘బిఫ్ బ్యాంగ్ పౌ’. గ్లాస్గో కుర్రాడు అలన్ మగీకి వాళ్లంటే ఎంత పిచ్చంటే, 1983లో డిక్ గ్రీన్, జో ఫాస్టర్‌లతో కలిసి పెట్టిన రికార్డుల కంపెనీకి ‘క్రియేషన్’ అని ఆ బృందం పేరు, తన సొంత బృందానికి పాట పేరు పెట్టేశాడు! గ్రీన్ మగీ బృందంలో గిటార్ వాయించేవాడు.

ప్రఖ్యాత బ్రిటిష్ రాక్ బృందం ఒయాసిస్‌ను జనానికి అందించిన కంపెనీ ఇదే. యజమాని పాటలు మాత్రం పెద్దగా అమ్ముడుపోలేదు. నన్నడిగితే అది అన్యాయమే. 1987 నాటి ‘ద గర్ల్ హూ రన్స్ ద బీట్ హోటల్’ ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. వెతికేటప్పుడు మగీ పేరు జోడిస్తే పాత పాట అడ్డురాదు.